అమ్మ గొంతుతో పిలిచేవాడు

పోయిన నెల ఒకరోజు పాసిర్ రిస్‌లో రైలెక్కి కూర్చున్నాను. పక్క సీట్లోని పెద్దావిడ చేతిసంచిలోంచి బొటనవేలంత గాజుసీసా తీసి, అందులోని ఆకుపచ్చ నూనెను రెండు కణతలకూ, ముక్కు కిందా రాసుకుంది. కర్పూరమూ లవంగమూ పుదీనా కలిపి నూరినట్టుండే ఆ ఘాటు, ఏసీ చలిలో పెట్టె అంతా పాకింది. ఎదుటి సీట్లో కాలేజీ పిల్ల ముఖం పక్కకు తిప్పుకుంది. నేను మాత్రం లేచి తలుపు దగ్గరికి పోయాను. దిగవలసిన స్టేషన్ ఇంకా ఐదు స్టేషన్ల దూరంలో ఉండగానే దిగిపోయి, ప్లాట్‌ఫారం మీద స్తంభానికి ఆనుకుని, వెళ్ళిపోతున్న రైలును చూస్తూ నిలబడ్డాను. నాకు ముప్పై ఐదేళ్ళు. ఆఫీసులో ఇరవైమంది చేత పని చేయించే మనిషిని. అయినా ఆ వాసన తగిలితే ఎనిమిదేళ్ళ పిల్లనైపోతాను. అది నన్నూ చెల్లెల్నీ కన్నతల్లిలా చూసుకున్న ఒక ముసలావిడ వాసన. ఆమె ఎక్కడ నోరు విప్పి నిజం చెప్పేస్తుందోనని నేను నెల రోజులపాటు వణికిపోయిన వాసన కూడా.

నాకు ఆరేళ్ళప్పుడు ఒంగోలు నుంచి సముద్రం దాటి ఈ దేశానికి, బెడోక్ అనే పేటకు వచ్చాం. సందు సందునా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వెలసి, డిగ్రీ చదివిన ప్రతివాడూ పాస్‌పోర్టుకు ఫోటో దిగుతున్న రోజులవి. బ్యాంకుల ప్రోగ్రాముల్లో సంవత్సరం అంకెలు సరిదిద్దే పని మీద నాన్న ముందు వచ్చాడు, ఏడాదికి మమ్మల్ని తెచ్చుకున్నాడు. ఆదివారాలు నాన్న స్నేహితులు నలుగురైదుగురు మా ఇంటికి భోజనానికి వచ్చి, గోంగూర పప్పు కలుపుకుంటూ, శతాబ్దం మారగానే కంప్యూటర్లన్నీ ఏ ఏడాదో మరిచిపోతాయనీ, ఆకాశంలో విమానాలు దారి తప్పుతాయనీ, లిఫ్టులు మధ్యలో ఆగిపోతాయనీ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. వాళ్ళ నవ్వు నాకు వినపడేది కాదు. పెద్దవాళ్ళకే తెలియని ప్రమాదం ఏదో రాబోతోందన్నది మాత్రం వినపడేది.

మేముండే బ్లాకు పాతది. లిఫ్టు ఒకటో అంతస్తులో, ఐదో అంతస్తులో, తొమ్మిదో అంతస్తులో మాత్రమే ఆగేది. మాది తొమ్మిదో అంతస్తు. ఇళ్ళన్నీ ఒకే పొడుగాటి వసారాలోకి తెరుచుకునేవి. ప్రతి తలుపుకూ బయట ఒక ఇనుప గ్రిల్లు, గ్రిల్లు పక్కన చెప్పుల అర, కుండీలో ఏదో ఒక మొక్క. వసారాకు అటువైపు నా గడ్డం దాకా వచ్చే పిట్టగోడ, ఆ గోడ అవతల తొమ్మిది అంతస్తుల గాలి. వంటింట్లో చెత్త పారేసే గొట్టానికి చిన్న ఇనుప తలుపుండేది. పై అంతస్తుల వాళ్ళు వేసిన మూటలు అందులోంచి జారిపోతుంటే ఎవరో గోడలో గొంతు సవరించుకున్నట్టు చప్పుడయ్యేది. ఏటా ఒక నెలపాటు చీనావాళ్ళు పితృదేవతల కోసం బ్లాకు కింద కాగితాలు తగలబెడితే, ఆ నల్లటి బూడిద రేకులు గాలికి లేచి మా వసారాలో వాలేవి. వాటిని తొక్కకూడదని ఎవరు చెప్పారో గుర్తులేదు గానీ, బడికి పోయేటప్పుడు నేనూ చెల్లెలు చిన్నీ వాటిని దాటుకుంటూ, గెంతుకుంటూ నడిచేవాళ్ళం.

పక్కింట్లో టాన్ అంకుల్ వాళ్ళుండేవాళ్ళు. ఆయన బస్సు డ్రైవరు. ఆయన భార్య లాన్ ఆంటీది వియత్నాం. మొదటి పెళ్ళిలో పుట్టిన కూతురు మైని చిన్నప్పుడే వెంటబెట్టుకుని వచ్చింది. మై నాకంటే రెండేళ్ళు పెద్దది. తల్లితో ఒక భాష, మారుతండ్రితో ఒక భాష, మాతో ఇక్కడి బడిపిల్లల ఇంగ్లీషు, మూడూ మార్చి మార్చి మాట్లాడేది. లాన్ ఆంటీకి బాబు పుట్టినప్పుడు సాయానికి వాళ్ళమ్మ ఊరినుంచి దిగింది. ఎర్రటి నది ఒడ్డున ఏదో పల్లె. మొదటిరోజు గ్రిల్లు దగ్గర నిలబడి మమ్మల్ని చూసి నవ్వితే, నోట్లో పళ్ళన్నీ కాటుకలా నల్లగా ఉన్నాయి. చిన్ని ఏడుస్తూ ఇంట్లోకి పరిగెత్తింది. వాళ్ళ పక్క పాతకాలపు ఆడవాళ్ళు అందం కోసం పళ్ళకు నల్లరంగు పట్టిస్తారని మై చెప్పినా, చాలా రోజులు నేను ఆమె నోటివైపు చూసేదాన్ని కాదు.

మై ఆమెను "బా" అని పిలిచేది. వాళ్ళ భాషలో నాయనమ్మనైనా అమ్మమ్మనైనా అలాగే అంటారట. మా అమ్మకు అది సగం మింగిన బామ్మలాగా వినపడి, మిగతా సగం తానే చేర్చింది. అలా ఆమె మా ఇంటిల్లిపాదికీ బామ్మ అయిపోయింది. మాట కలవకపోయినా వాళ్ళిద్దరికీ స్నేహం ఎలా కుదిరిందో నాకు గుర్తుంది. ఒక మధ్యాహ్నం బామ్మ వసారా నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఐదేసి గులకరాళ్ళు పెట్టి, ఒక గడిలోవి తీసి వరసగా పంచుకుంటూ పోయి, ఖాళీ గడి దాటాక ఉన్నవాటిని గెలుచుకుంటోంది. బట్టలు ఆరేస్తున్న అమ్మ గిన్నెలోని క్లిప్పులు అలాగే వదిలేసి వచ్చి కూర్చుంది.

"ఇది మన వామనగుంటలేనే బుజ్జీ. గుంటల్లేవు, అంతే," అంది నాతో, కళ్ళు పెద్దవి చేసి.

ఆ తర్వాత శనివారాలు వాళ్ళిద్దరూ గంటలకొద్దీ మాటలేకుండా ఆడుకునేవాళ్ళు. అమ్మ లిటిల్ ఇండియాకు వెళ్ళినప్పుడల్లా బామ్మకు తమలపాకుల కట్ట, సున్నం డబ్బా తెచ్చేది. వాళ్ళ కొత్త సంవత్సరానికి బామ్మ ఆకుల్లో చతురస్రంగా చుట్టి, తాళ్ళతో కట్టి, రోజంతా ఉడకబెట్టే జిగురన్నం చేసింది. లోపల పంది మాంసం పెట్టడం వాళ్ళ ఆచారం. మాకోసం రెండు మూటలు ఉత్త పెసరపప్పుతో విడిగా చేసి, గుర్తుకు ఎర్రదారం కట్టి పంపింది. తాడుతోనే ముక్కలుగా కోసుకుని, ఆకు రంగు ఎక్కిన ఆ అన్నాన్ని మేము ఆవకాయతో తిన్నాం.

అమ్మకు కూడా సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం దొరికింది. బడి విడిచాక అమ్మ వచ్చేదాకా నేనూ చిన్నీ బామ్మ దగ్గరే ఉండేవాళ్ళం. బాబును ఊయలలో పడుకోబెట్టి, మా మెడకూ అరికాళ్ళకూ ఆకుపచ్చ నూనె రాసి, తమలపాకు నములుతూ బామ్మ కథ మొదలుపెట్టేది. ఆమె రెండు ముక్కలు చెప్పడం, మై ఒక ముక్క ఇంగ్లీషులో వేయడం, దాన్ని నేను చిన్నికి తెలుగు చేయడం. ఇన్ని చేతులు మారి వచ్చినా ఆ కథల్లోని భయం చెక్కు చెదిరేది కాదు. బహుశా దారిలో కొంచెం పెరిగేది కూడా. మాట అర్థమయ్యేలోగా ఆమె ముఖం చూసి బెదిరేవాళ్ళం, అర్థమయ్యాక మళ్ళీ బెదిరేవాళ్ళం.

మూడు సంచుల తాత కథ అలా వచ్చిందే. మూడు సంచులు, వాటికి తొమ్మిది పిడులు, ఒంటినిండా పన్నెండు కళ్ళు. మాట వినని పిల్లల్ని సంచిలో వేసుకుపోతాడు. బామ్మ అంతవరకే చెప్పింది. మన ఊళ్ళో బూచాడిలాంటివాడే, అన్నం తినిపించడానికి పనికొచ్చేవాడు. కానీ మా బ్లాకులోకి వారానికొకసారి పాతకాగితాల మనిషి వచ్చేవాడు. బక్కపలచటి చీనా ముసలాయన, మెడలో తువ్వాలు, చేతిలో రబ్బరు బుడ్డి ఉన్న హారన్. పోం, పోం అని నొక్కుకుంటూ, తోపుడుబండి లాక్కుంటూ వసారాలన్నీ తిరిగి పాత పేపర్లు, బట్టలు, పాడైపోయిన మిషన్లు తీసుకుపోయేవాడు. అలాంటివాళ్ళను ఇక్కడ కరంగ్ గుని అంటారు. గుని అంటే మన గోనే అని నాన్న ఒకసారి సరదాగా చెప్పాడు. అది విన్నప్పటినుంచి నాకు అనుమానం లేదు. గోనెసంచుల మనిషి, సంచుల తాత ఇద్దరూ ఒకరే. హారన్ వినపడితే నేనూ చిన్నీ మంచం కిందికి దూరేవాళ్ళం. మై పైకి నవ్వేది గానీ, తనూ గ్రిల్లు గడియ వేసుకునేది.

ఇంకో కథ వర్షాకాలంలో చెప్పింది. ఒకడు యుద్ధానికి పోయాడు. కడుపుతో ఉన్న భార్య కొడుకును కని పెంచుకుంటోంది. నాన్నేడని బిడ్డ అడిగినప్పుడల్లా, దీపం పెట్టాక గోడమీద పడిన తన నీడను చూపించి, అదిగో నాన్న అనేది. మూడేళ్ళకు భర్త తిరిగొచ్చి బిడ్డను ఎత్తుకోబోతే, నువ్వు మా నాన్నవు కాదు, మా నాన్న రోజూ దీపం పెట్టాక వస్తాడు, అమ్మ నడిస్తే నడుస్తాడు, అమ్మ కూర్చుంటే కూర్చుంటాడు అన్నాడు బిడ్డ. భర్త భార్య చెప్పేది వినిపించుకోలేదు. ఆమె పోయి ఏట్లో దూకింది. ఆ సాయంత్రం తండ్రి దీపం వెలిగిస్తే, బిడ్డ గోడమీద కదులుతున్న తండ్రి నీడను చూపించి, మా నాన్నొచ్చాడు అని చప్పట్లు కొట్టాడు.

ఆ పిల్లవాడు అబద్ధమేమీ చెప్పలేదు కదా, మరి ఎందుకిలా అయిందని మైతో అడిగించాను. తమ మాట ఎంత బరువో చిన్నపిల్లలకు తెలియదనీ, తెలియాల్సింది విన్నవాళ్ళకనీ బామ్మ చెప్పిందట. ఆ జవాబు నాకు సరిపోలేదు. ఆ రోజునుంచి ఏదైనా చెప్పబోయేముందు ఒక్క క్షణం ఆగి, ఈ మాటకు ఎవరైనా చచ్చిపోతారా అని ఆలోచించుకునేదాన్ని. అంత భయం పెట్టుకున్నదాన్ని, ఆ భయం అవసరమైన రోజున ఆలోచించలేదు.

ఆరోజు మధ్యాహ్నం నాలుగవుతోంది. వాన పడబోయే ముందు ఉక్క. టాన్ అంకుల్ కొత్త వాషింగ్ మెషీన్ కొన్నాడు. పైనుంచి మూత తెరిచే పాతదాన్ని లిఫ్టు దగ్గర పెట్టి, పక్కన పేపర్ల కట్టలు మెట్లలాగా పేర్చి పెట్టారు, కాగితాల మనిషి తీసుకుపోవడానికి. నేనూ మై వసారాలో గులకరాళ్ళ ఆట ఆడుతున్నాం. నేను గెలుస్తున్నాను. నాలుగేళ్ళ చిన్ని వచ్చి మాటిమాటికీ రాళ్ళు తన్నేస్తోంది. రెండుసార్లు ఊరుకున్నాను. మూడోసారి చెయ్యి పట్టి లాగి, చెవిలో చెప్పాను.

"మూడు సంచులోడు వస్తన్నాడు. పోయి దాక్కో. ఎవరు పిలిచినా పలకబాక. వాడు బామ్మ గొంతుతో పిలుస్తాడు, అమ్మ గొంతుతో కూడా పిలుస్తాడు. పలికావంటే సంచిలో ఏస్తాడు."

అది బామ్మ కథలో లేదు. ఆ క్షణంలో నా నోటికి వచ్చింది, అంతే. చిన్ని ముఖం పాలిపోవడం చూసి నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. మై నావైపు ఒకసారి చూసి, రాళ్ళు సర్దుకుంది. చిన్ని పరిగెత్తుకుంటూ పోయింది. ఎటు పోయిందో నేను చూడలేదు.

కాసేపటికి నిజంగానే హారన్ మోగింది. నేనూ మై లోపలికి దూరి గ్రిల్లు వేసుకుని, తలుపు సందులోంచి చూశాం. ముసలాయన మెషీన్‌ను వెనక్కి వంచి బండి మీదికి ఎక్కించాడు. మూతమీదుగా తాడు రెండు చుట్లు తిప్పి బిగించాడు. పేపర్ల కట్టలు మీద పడేసుకుని లిఫ్టులోకి తోసుకుపోయాడు. తలుపు మూసుకుంది. మేము ఊపిరి పీల్చుకున్నాం.

బాబు లేచాక బామ్మ చిన్ని ఏదని అడిగింది. మంచాల కింద చూశాం, బీరువాలో చూశాం, మా ఇంట్లో చూశాం. బామ్మ వసారాలోకి వచ్చి "చిన్నీ ఓయ్, చిన్నీ ఓయ్" అని పిలవడం మొదలుపెట్టింది. వాళ్ళ భాషలోనూ పిలుపు మన ఓయ్‌లాగానే ఉంటుంది. ఆ గొంతు వసారా ఈ చివరినుంచి ఆ చివరికి పోయి తిరిగొచ్చింది. జవాబు లేదు. అప్పుడామె చేసిన పని నేను జన్మలో మరిచిపోలేను. పిట్టగోడ దగ్గరికి నడిచి, రెండు చేతులతో గోడ గట్టిగా పట్టుకుని, కళ్ళు ఒకసారి మూసుకుని తెరిచి, కిందికి చూసింది. ఆమె వీపు చూస్తూ నేను నిలబడ్డాను. ఆమె ఊపిరి వదిలిందాకా నాకు ఊపిరి లేదు. కింద గడ్డి తప్ప ఏమీ లేదు.

ఎవరు పిలిచినా పలకవద్దని నేనే చెప్పానని ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. లిఫ్టు దగ్గర, మెషీన్ ఉన్న ఖాళీ జాగాలో, చిన్ని రబ్బరు చెప్పు ఒకటి పడి ఉండటం నాకే ముందు కనపడింది. వేలు చూపించాను. బామ్మ చెప్పునూ, ఖాళీ జాగానూ, నన్నూ చూసింది. బాబును మై చేతుల్లో పెట్టి లిఫ్టు బొత్తాం నొక్కింది. అంకె కదల్లేదు. మోకాళ్ళ నొప్పితో కూర్చుంటే లేవలేని మనిషి, మెట్ల కమ్మీ పట్టుకుని తొమ్మిది అంతస్తులు దిగడం మొదలుపెట్టింది. ఆమె పిలుపు ఒక్కో అంతస్తూ కిందికి పోతూ సన్నబడిపోయింది.

నేను లిఫ్టు ముందు ఒంటరిగా నిలబడ్డాను. తలుపు మీది అంకె వెలిగింది. ఒకటి. ఐదు. తొమ్మిది. తలుపు తెరుచుకుంది. లోపల ముసలాయన, అతని భుజం మీద మా చెల్లెలు. చేతులు వేలాడుతున్నాయి, నుదుటిమీద రక్తం, కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన నావైపు ఏదో గట్టిగా అంటూ పిల్లను అందించబోయాడు. నేను వెనక్కి తిరిగి పరిగెత్తాను. ఇంట్లోకి దూరి గ్రిల్లు వేసుకున్నాను. చెల్లెలిని అతని చేతుల్లోనే వదిలేసి గడియ పెట్టుకున్నాను.

తలుపు సందులోంచి చూస్తే ఆయన వసారాలో చతికిలబడి, చిన్నిని ఒళ్ళో పెట్టుకుని, మెడలోని తువ్వాలుతో ఆమె ముఖం తుడుస్తున్నాడు. బామ్మ అన్ని మెట్లూ దిగి, కింద ఆపి ఉన్న ఆయన లారీ దగ్గర ఎవరూ లేక, మళ్ళీ పైకొచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. లారీ ఎక్కించేముందు మెషీన్ ఎంత పాడైందో చూద్దామని తాడు విప్పి మూత తీస్తే, లోపల చిన్ని ముడుచుకుని ఉందట. అంత కుదుపులోనూ పిల్ల కిక్కురుమనలేదట. తియ్యకుండా లారీ ఎక్కించి ఉంటే అన్న మాట ఆ తర్వాత మా ఇంట్లో ఎవ్వరూ పూర్తి చేయలేదు.

నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. ఎముకలేవీ విరగలేదు. కానీ చిన్ని మాట పోయింది. అమ్మ ఆఫీసు బట్టల్లోనే ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చి "చిన్నీ, అమ్మనే, చూడమ్మా" అని పిలిస్తే, చిన్ని అమ్మ కేసి పరాయివాళ్ళను చూసినట్టు చూసి, నోరు ఇంకా గట్టిగా మూసుకుంది. ఇంటికొచ్చాక కూడా అంతే. అన్నం పెడితే తినేది, స్నానం చేయిస్తే చేయించుకునేది. పేరు పెట్టి పిలిస్తే మాత్రం గోడకు అతుక్కుపోయేది. అమ్మ ఎంత ముద్దుగా పిలిస్తే అంత ముడుచుకుపోయేది. ఎందుకో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. డాక్టరు భయం వల్ల అన్నాడు, రోజులు పడుతుందన్నాడు. నాన్న ఆఫీసునుంచి వచ్చి బూటు కూడా విప్పకుండా చిన్ని ముందు కూర్చుని, దానివైపే చూస్తూ ఉండిపోయేవాడు. నా చెల్లెలు ఇక ఎప్పటికీ మాట్లాడదని, పెద్దయ్యాక కూడా అమ్మను అలాగే చూస్తుందని నేను అన్నం మెతుకు మింగలేకపోయేదాన్ని.

పిలిస్తేనే చిన్ని బెదురుతోందని కనిపెట్టి, మూడోరోజు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, నా రెండు భుజాలూ పట్టుకుంది.

"ఎవురు చెప్పారే దానికి, పలకొద్దని? నేనేమన్ను, నిజం చెప్పు."

"బామ్మ," అన్నాను.

ఇంకేమీ ఆలోచించలేదు. ఆ ఒక్క మాటా చెప్పి, మిగతాది ఆమె అడిగినకొద్దీ చెప్పాను. సంచుల తాత అమ్మ గొంతుతో పిలుస్తాడని బామ్మ చెప్పింది, పలికితే సంచిలో వేస్తాడని బామ్మ చెప్పింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కింటికి నడిచింది. లాన్ ఆంటీ పనికి పోయింది. బామ్మ గ్రిల్లు తీసింది. మోకాళ్ళకు గుడ్డలు చుట్టుకుని ఉంది. అమ్మ ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు, ఆరోజూ పెంచలేదు. మా పిల్లకు ఈ మాట చెప్పిందో లేదో అడగమని మైని అడిగింది, ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడిగా.

మై నావైపు చూసింది. తర్వాత బామ్మకు చెప్పింది. చాలాసేపే చెప్పింది. బామ్మ విని, నావైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. తర్వాత రెండు ముక్కలు మాట్లాడింది.

"బా సే యెస్, ఆంటీ," అంది మై నేల చూస్తూ. "షీ సే సారీ."

మరునాటి నుంచి అమ్మ సెలవు పెట్టి ఇంట్లో ఉంది. మా గ్రిల్లు మూసే ఉండేది. రెండో మధ్యాహ్నం బామ్మ వచ్చి, మా గ్రిల్లు అవతల నేలమీద, ఆ మోకాళ్ళతోనే కష్టపడి కూర్చుంది. పిలవలేదు. లోపలికి చూడను కూడా లేదు. సుద్దతో గళ్ళు గీసింది, సగం గళ్ళు గ్రిల్లు ఇవతలికి, మా గడప మీదికి వచ్చేలాగా. రాళ్ళు పెట్టి తనకు తానే ఆడుకుని, ఒక గంట ఉండి లేచిపోయింది. మర్నాడూ అంతే. భాష రాని ఆ మనిషికి, డాక్టరుకు అందనిది అందింది. ఆ పిల్ల భయం గొంతులంటే. అందుకని గొంతు అనేదే లేకుండా వచ్చి కూర్చునేది. వంటింటి గుమ్మంలోంచి అమ్మ చూస్తూ నిలబడేది. పొమ్మనలేదు, గ్రిల్లూ తియ్యలేదు.

ఐదో రోజో ఆరో రోజో చిన్ని పాక్కుంటూ గడప దగ్గరికి చేరింది. తర్వాతి రోజు కమ్మీల మధ్యనుంచి చెయ్యి పెట్టి తనవైపు గడిలోని రాళ్ళు తీసి పంచింది. బామ్మ తల ఎత్తకుండానే తన ఆట ఆడింది. నేను గోడవారన నిలబడి, చెల్లెలికి మాట రావాలని ఒక పక్కా, వస్తే మొదట నా పేరే చెబుతుందని ఇంకో పక్కా, రెండు భయాల మధ్య నలిగిపోయాను. దెబ్బ తగిలిన పన్నెండో రోజున వాన పడుతోంది, జల్లు వసారాలోకి కొట్టి సుద్దగీతలు తడిసిపోతున్నాయి. బామ్మ చెయ్యి గాల్లో ఆగింది. ఎక్కడ గీత ఉందో వెతుక్కుంటోంది.

"బామ్మా, నీ వంతు," అంది చిన్ని.

అమ్మ చేతిలో గిన్నె కిందపడింది. పరిగెత్తుకొచ్చి చిన్నిని ఎత్తుకుని, ఏడుస్తూనే గ్రిల్లు తాళం తీసి, తడి నేలమీద బామ్మ పక్కన కూలబడింది. బామ్మ ఆమె కణతలకు నూనె రాసింది. అమ్మ ఆమెను క్షమించింది. ఆమె చేయని తప్పుకు అమ్మ ఆమెను క్షమిస్తుంటే, నేను చూస్తూ నిలబడ్డాను.

చిన్ని నా పేరు చెప్పలేదు. ఏమీ గుర్తున్నట్టు లేదు. బామ్మ ఇంకో రెండు వారాలుంది. ఇక్కడ ఉండటానికి ఇచ్చిన గడువు ముగిసింది, ఈసారి పొడిగించమని అడగలేదు. మమ్మల్ని బడి తర్వాత పిల్లల్ని చూసుకునే చోట చేర్పించారు. ఆ రెండు వారాలూ వసారాలో ఆమె అడుగుల చప్పుడు వినపడితే తలుపు చాటుకు పోయి నిలబడేదాన్ని. ఇవాళ చెప్పేస్తుంది, మై చేత చెప్పిస్తుంది అనుకునేదాన్ని. వెళ్ళేరోజు పెట్టె లిఫ్టులో పెట్టాక వెనక్కి వచ్చి, చిన్నినీ నన్నూ ఇద్దరినీ ఒకేలా దగ్గరికి తీసుకుంది. లిఫ్టు తలుపు మూసుకున్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఊరట కలిగింది. నా జీవితంలో నేను సిగ్గుపడే విషయాల్లో అదే మొదటిది.

రైలు దిగిపోయిన రోజు సాయంత్రమే అమ్మకు చెప్పాను. ఇప్పుడు అమ్మానాన్నలు నేనుండే బ్లాకులోనే రెండంతస్తుల కింద ఉంటారు. చిక్కుడుకాయలు ఒలుస్తూ మొత్తం వింది. మిగిలిన కాయలు కూడా ఒలిచేసింది.

"ఆమెని నేను క్షమించానే, బుజ్జీ," అంది చివరికి. "ఎంత గొప్పదాన్నో అనుకున్నా ఆరోజు."

తర్వాత మైని వెతికాను. టోవా పాయోలో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతోంది. కింద తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్లో కాఫీ తాగుతూ, ఆ మాట బామ్మ చెప్పలేదని, నేనే చెప్పానని అన్నాను.

"ఐ నో, వాట్," అంది మై, తెలిసిందే కదా అన్నట్టు. "ఐ వాజ్ దేర్."

నిజమంతా తను బామ్మకు అప్పుడే చెప్పేసిందట. కానీ ఒప్పుకున్నట్టు చెప్పమని బామ్మే చెప్పిందట. ఇంట్లో అప్పటికే ఒక పిల్లకు గొంతు పోయింది, రెండోదానిది కూడా పోగొట్టవద్దందట.

నేను కప్పు కింద పెట్టేశాను. మై ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, తనకు పద్నాలుగేళ్ళప్పుడు సెలవులకు ఆ పల్లెకు వెళ్ళిన సంగతి చెప్పింది. అప్పటికి బామ్మ బతికే ఉంది. చుట్టుపక్కల పిల్లల్ని కూర్చోబెట్టుకుని, మేమెన్నడూ వినని కథ ఒకటి చెబుతోందట. ఆకాశమంత ఎత్తు ఇంట్లో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. చెల్లెలి గొంతు గాలికి ఎగిరిపోతుంది. అక్క దాన్ని వెతుక్కుంటూ ఒక్కో గుమ్మమూ తడుతుంది. చివరి గుమ్మం దగ్గర, అందరి ముందూ, తను చేసింది చేసినట్టు చెబుతుంది. చెప్పీ చెప్పగానే చెల్లెలి గొంతు తిరిగొస్తుంది. పిల్లలు మళ్ళీ మళ్ళీ ఆ కథే అడిగేవాళ్ళట.

ఆ అక్క గుమ్మం దగ్గర ఏమని చెప్పిందని అడిగాను. ఏ మాటలతో మొదలుపెట్టింది, బామ్మ దాని చేత ఏం చెప్పించింది అని అడిగాను. మై కళ్ళు చిట్లించి, పెదవులు కదిపి, వాళ్ళ భాషలో ఏదో వెతుక్కుంది. రెండు మూడు ముక్కలు వచ్చాయి, ఆగిపోయింది.

"కెనాట్ రిమెంబర్ లా," అంది. "వియత్నమీస్ ఆల్ గాన్ ఆల్రెడీ."

లాన్ ఆంటీ పోయి నాలుగేళ్ళయింది. బెడోక్‌లో మా పాత బ్లాకును కూల్చేసి, ప్రతి అంతస్తులోనూ ఆగే లిఫ్టులతో కొత్తది కట్టారు. ఆ పల్లెలో అప్పటి పిల్లలు ఎక్కడెక్కడి ఫ్యాక్టరీల్లో ఉన్నారో మైకి తెలియదు. బామ్మ కథలో ఆ అక్క చెప్పిన మాటలు ఎవరికీ గుర్తులేవు.